మందులమ్మ లాంతరు

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. వెళ్లాను. రిజిస్టర్లు ఎలా రాయాలి, గింజలో తేమ ఎలా కొలవాలి, పై అధికారి వస్తే ఏ ఫైలు ముందు పెట్టాలి అని అడిగారు. ఒక్కరు కూడా, "మేడమ్, గోదాములో మనిషికి ప్రాణం మీదికి ఎలా వస్తుంది?" అని అడగలేదు. వాళ్లను అనడానికి నాకు నోరు లేదు. చేరిన కొత్తలో నేనూ అడగలేదు. మొదట అడగాల్సిన ప్రశ్న అదేనని తెలుసుకోవడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. తెలిసింది కూడా నా తెలివితో కాదు, సుంకన్న మేస్త్రీ ప్రాణం మీదికి తెచ్చాక.

ఆ రోజు వాళ్లకు రిజిస్టర్ల గురించే చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చాక మనసు ఒప్పలేదు. అందుకే ఈ రాత.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. ధాన్యం గోదాముల్లో నాణ్యత చూసే ఉద్యోగం నాది. బియ్యం, శనగలు, జొన్నలు పురుగు పట్టకుండా చూడాలి, పడితే మందు పెట్టాలి. మందు అంటే బిళ్లలు. బస్తాలను ఇంటి ఎత్తున పేర్చి, దాన్నే నెట్టు అంటాం, మొత్తం మీద పెద్ద పట్ట కప్పుతాం. పట్ట అంచుల మీద ఇసుక నింపిన పొడవాటి గుడ్డ సంచులు బరువు పెట్టి, లోపల బిళ్లలు ఉంచుతాం. గాలిలోని తేమ తగిలి ఆ బిళ్లలు విషవాయువును వదులుతాయి. వారం రోజులు అలా ఉంచితే పురుగన్నది మిగలదు. మనిషి వెళ్లినా మిగలడు.

ఈ బిళ్లల వల్లే హమాలీలు నాకు మందులమ్మ అని పేరు పెట్టారు. మొదట్లో ఒళ్లు మండేది. డిగ్రీ చదివి వచ్చిన నన్ను పట్టుకుని పసరు మందిచ్చే ముసలమ్మను పిలిచినట్టు పిలుస్తారా అని. పోనుపోను అలవాటైంది. ఇప్పుడు ఎవరూ అలా పిలవడం లేదని బెంగగా ఉంది.

జేజి కూర్చున్న చోటు

మాది ఆలూరు వైపు పల్లె. మా ఇంటి ముందు నేలలో జొన్నల పాతర ఉండేది. నోరు ఒక మనిషి దూరేంత, లోపల కడుపు మాత్రం గదంత. చుట్టూ సొప్ప పేర్చి, జొన్నలు పోసి, నోటికి బండ మూసి మట్టితో మెత్తేవాళ్లు. వాన పడని ఏడు మా ఇంటిల్లిపాదికీ ఆ పాతరే దిక్కు.

గింజ కూడా ఊపిరి పీలుస్తుంది. మూసిన పాతరలో ఉన్న మంచి గాలినంతా అదే వాడేసుకుని చెడు గాలి వదులుతుంది. మూత తీయగానే దిగినవాడు పైకి రాడు. ఈ సంగతి నేను కాలేజీలో చదువుకున్నాను. మా జేజి, అంటే మా నాయన తల్లి, ఏ బడికీ పోలేదు గానీ ఆమె దగ్గర లాంతరు ఉండేది. బండ తీసి ఒక రోజంతా వదిలేసి, మర్నాడు లాంతరు వెలిగించి తాడుతో లోపలికి దించేది. దీపం ఆరితే ఇంకో రోజు ఆగాలి. ఆరకపోతేనే మనిషి దిగాలి.

ఒకసారి ఇంట్లో పెండ్లి. జొన్నలు తీయాలని మా నాయనకు తొందర. లాంతరు దించారు, ఆరిపోయింది. "గాలికి ఆరింటాదిలేమ్మా," అని ఆయన పంచె ఎగ్గట్టాడు. జేజి పోయి పాతర నోటి మీద అడ్డంగా కూర్చుంది.

"నన్ను దాటి దిగు, సూస్తా," అంది.

"అది కాదమ్మా, పెండ్లోళ్లు వస్తాండారు..."

"వస్తే రానీ. దీపానికే ఊపిరాడకుంటే నీకేమన్నా రెండు ముక్కులెక్కువుండాయా?"

మా నాయన తిట్టుకుంటూ పోయి పక్కింట్లో జొన్నలు బదులు తెచ్చాడు. పెండ్లి బాగానే జరిగింది. జేజి మీద నాకున్న ప్రేమలో సగం ఆ రోజుదే.

పుర్రె బొమ్మకు కుంకుమ

నా మొదటి పోస్టింగు వేంపల్లెలో. అక్కడున్నది ఏడాదిన్నరే. ఒకరోజు నెట్టు అడుగున ఉన్న బస్తాలోంచి గింజలు చూడాలని గొట్టం పొడవబోయాను. నెట్టు మధ్యలో పొట్ట వేసినట్టు ఉబ్బి ఉంది. నేను గమనించలేదు. వెనక నుంచి ఒక హమాలీ నా చేయి పట్టి బరబరా ఈడ్చాడు. ఆడమనిషి చేయి పట్టుకున్నాడని నేను అరవబోయేలోపే నేను నిలబడిన చోట రెండు వరుసల బస్తాలు కూలాయి. దుమ్ము అణిగాక ఆయన, "తప్పయిపాయ మేడమ్, పట్టుకున్న్యా," అని నాకే క్షమాపణ చెప్పాడు. బస్తాలు పేర్చే చేతులకు తెలిసినంత మనకు తెలియదని నాకు అక్కడే అర్థమైంది. ఉబ్బిన నెట్టు పక్కన నిలబడకండి. అడుగు బస్తా ఎవరు లాగమన్నా లాగనివ్వకండి, అన్నవాడు మీ పై అధికారి అయినా సరే.

తర్వాత కర్నూలు జిల్లాలో ఒక గోదాముకు మార్చారు. ఊరి పేరు రాయను. రాస్తే మా మేనేజరు ఎవరో కనుక్కుంటారు, ఆయన మనవళ్లు వచ్చి నాతో పోట్లాడతారు. బనగానపల్లె మామిడి లారీలు పోయే దారిలో ఉండేదని మాత్రం చెబుతాను. ఎండాకాలంలో ఆ వాసనకు హమాలీలు పని ఆపి గేటు దగ్గర నిలబడేవాళ్లు.

మేనేజరు చెడ్డవాడు కాదు. ఉదయం తన డబ్బులతో అందరికీ ఉగ్గాని బజ్జీ తెప్పించే మనిషి. అయితే గోదాములో ఆయన్ను భయపెట్టేది ఒక్కటే, తరుగు. ఎన్ని కిలోలు తగ్గాయి అన్నది తప్ప ఇంకేదీ ఆయన తలకెక్కేది కాదు. మనుషుల జాగ్రత్త గురించి ఎత్తితే, "బోర్డు పెట్టినాం కదమ్మా," అనేవాడు. పెట్టిన మాట నిజమే. పై ఆఫీసు నుంచి వచ్చిన రేకు బోర్డు, పుర్రె, రెండు ఎముకలు, కింద రెండు వరుసల ఇంగ్లీషు. మా హమాలీల్లో తెలుగు చదవగలిగినవాళ్లే ముగ్గురు.

దసరాకు ఆయుధపూజ చేశారు. కాటాకు, కొక్కేలకు, లారీలకు బొట్లు పెట్టారు. మేస్త్రీ సుంకన్న తలుపు దగ్గరికి పోయి ఆ పుర్రె బొమ్మకు కూడా కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టాడు.

"ఇదేంది సుంకన్నా?" అన్నాను.

"ఈయప్ప ఎవురో గానీ ఏడాదంతా తలుపు కాస్తాండాడు కదమ్మా. ఒక బొట్టన్నా పెట్టకుంటే ఎట్ల?"

కడుపుబ్బ నవ్వాను. ఇంటికెళ్లి మా ఆయనకు చెప్పి మళ్లీ నవ్వాను. మేం పెట్టిన హెచ్చరిక వాళ్లకు హెచ్చరికగా చేరలేదని ఆ నవ్వులో నాకు తట్టలేదు.

సుంకన్న గురించి చెప్పాలి. అప్పటికి నలభై దాటినవాడు. పత్తికొండ వైపు నుంచి కరువుకు వలస వచ్చి బస్తాలు మోస్తూ మేస్త్రీ అయ్యాడు. బస్తా మీద చేయి వేసి, "దీనికి లోపల చెమ్మ తగిలింది," అనేవాడు. కొలిచి చూస్తే నిజంగా తగిలి ఉండేది. ఆయన భార్య లక్ష్మక్క నేల మీద రాలిన గింజలు ఊడ్చి జల్లించే పనిలో ఉండేది. ఇద్దరూ తెచ్చుకున్న జొన్నరొట్టెలో మూడో భాగం నాది. సుంకన్నకు ఒక పట్టుదల ఉండేది: కొత్త చోటు ఏదైనా, ముందు మేస్త్రీ పోవాలి, ఆయన తిరిగొచ్చి చెప్పాకే హమాలీలు పోవాలి. అది ఆయనకు ఎవరూ నేర్పలేదు.

నేను గొప్పలు పోయిన రోజు

గోదాము పక్కన శనగలు శుభ్రం చేసే యంత్రం ఉండేది. గింజల్ని పైకి తోడే బెల్టు అడుగున మనిషి లోతుకు మించిన గుంత. ఒక వానాకాలం అందులోకి నీళ్లు దిగి, రాలిన శనగలు కుళ్లాయి. ఎత్తిపోయడానికి ఒక హమాలీ సగం దిగి, కళ్లు తిరుగుతున్నాయని పైకి వచ్చేశాడు. మిగతావాళ్లు వాణ్ని ఎగతాళి చేశారు. ఇంకొకడు దిగబోయాడు.

నాకు జేజి గుర్తొచ్చింది. వాచ్‌మన్ గదిలోని లాంతరు తెప్పించి, వెలిగించి, తాడు కట్టి గుంతలోకి దించాను. సగం లోతుకు పోగానే దీపం చప్పున ఆరిపోయింది. అందరూ నోళ్లు తెరిచారు. గుంతకు ఫ్యాను పెట్టించి, రెండు రోజులు ఆగి, మళ్లీ దించాక దీపం నిలిచింది. అప్పుడు దిగి శుభ్రం చేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. కూర్చుని రొట్టె తింటూ వాళ్లకు మా జేజి కథ చెప్పాను, పాతర నోటి మీద ఎలా కూర్చుందో చూపించాను కూడా.

"మా పల్లెలో కూడా ఇట్లనే సేస్తాండ్రి కదమ్మా," అన్నాడు సుంకన్న. "ఈడికొచ్చి అన్నీ మరిసిపోయినాం."

ఆ రోజు నా గొప్ప చూడాలి. నేల మీద నడవలేదు. హమాలీలు తలా కొంత వేసుకుని కొత్త లాంతరు కొని గోదాము తలుపు పక్కన మేకుకు తగిలించారు. దానికి మందులమ్మ లాంతరు అని పేరు. అప్పటినుంచి మూసిన చోటు ఏది తెరిచినా ముందు లాంతరు పోవాల్సిందే. గుంత సరే. మందు పెట్టిన నెట్టు పట్ట తీసేటప్పుడు కూడా లాంతరు చూపించడం మొదలుపెట్టారు.

ఇక్కడ ఆగి చదవండి. లాంతరు చెప్పగలిగింది ఒక్కటే, అక్కడ ఊపిరికి గాలి చాలుతుందా లేదా అని. ఆ గాలిలో విషం ఉందా అన్నది దానికి తెలియదు. మా బిళ్లల విషం కమ్మిన చోట మనిషి కూలుతాడు, దీపం మాత్రం హాయిగా వెలుగుతూనే ఉంటుంది. పైగా గింజల దుమ్ము లేచే చోట నిప్పు పెట్టడం ఇంకో ప్రమాదం. ఇవి నాకు తెలుసు. చదువుకున్నదాన్ని. వాళ్లకు చెప్పలేదు. పట్ట తీసే రోజు నేను పక్కనే ఉంటాను, నేను వేరే పరీక్ష చేసుకుంటాను, వాళ్ల లాంతరు పుర్రెకు కుంకుమ లాంటిదిలే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, నా పేరు పెట్టుకున్న లాంతరును కాదనడానికి మనసు రాలేదు.

తాళంచెవి

కొన్నేళ్లకు పై ఆఫీసు మాకు విషవాయువు కొలిచే చిన్న యంత్రం పంపింది. అరచేతిలో పట్టే డబ్బా. విషం ఉంటే కూత పెడుతుంది. మేనేజరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పోతే ఎవురమ్మా జవాబు చెప్పేది? బీరువాలో పెట్టి తాళమెయ్యి," అన్నాడు. వేశాను. తాళంచెవి నా చేతిసంచిలో వేసుకున్నాను.

ఆ ఏడు బియ్యం నెట్టుకు మందు పెట్టిన ఐదో రోజు నన్ను కడపలో సమావేశానికి రమ్మన్నారు. "నేను వచ్చేదాకా పట్ట ముట్టుకోనీయొద్దు సార్," అని మేనేజరుకు చెప్పి బస్సెక్కాను. సుంకన్నకు చెప్పలేదు. ఆయన గేటు దగ్గరే ఉన్నాడు, చేయి ఊపాడు, నేనూ ఊపాను. ఆగి ఆ ఒక్క మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? సంచిలో తాళంచెవి ఉందన్న ధ్యాసే నాకు లేదు.

మర్నాడు మేనేజరుకు కబురొచ్చింది, లారీలు ఒక రోజు ముందే వస్తున్నాయని. ఆయన సుంకన్నను పిలిచి పట్ట తీయమన్నాడు.

"మందులమ్మ రాల్యా కద సార్?" అన్నాడట సుంకన్న.

"మధ్యాహ్నానికి వస్తాది. లారీలు నిలబెట్టుకోలేం. లాంతరు ఉండాది కదా, సూసుకుని తీయండి."

చూడండి, మా మేనేజరు కూడా ఆ లాంతరును నమ్మాడు. నేను అంత బాగా నమ్మించాను.

సుంకన్న హమాలీలందరినీ తలుపు బయట గట్టు మీదే ఉండమని, లాంతరు వెలిగించి, పొడవాటి కర్రకు తగిలించి పట్ట కిందికి పోనిచ్చాడు. దీపం నిశ్చలంగా వెలిగింది. ఆయన అలవాటు ప్రకారం ఒక్కడే లోపలికి పోయాడు. ఇసుక సంచులు తీసి ఒక పక్క పట్ట చుట్టాడు. కాసేపటికి తన కాళ్ల మీదే బయటికి వచ్చి, "ఎదలో పట్టేసినట్టుండాదప్పా, ఎవురూ పోవద్దండి," అని కూర్చున్నాడు. తర్వాత వాంతులు. వాళ్లు ఎండ దెబ్బ అనుకుని మజ్జిగ తాగించారు.

మధ్యాహ్నం నేను బస్సు దిగి గేటులోకి వచ్చేసరికి ఆయన తల లక్ష్మక్క ఒడిలో ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. పక్కనే, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఎవరూ ఆర్పని లాంతరు వెలుగుతూనే ఉంది.

నన్ను చూసి ఆయన చేయి ఎత్తాడు. "దీపం ఆరల్యా తల్లీ," అన్నాడు. "నువ్వు సెప్పినట్లే సూసినా. ఆరల్యా."

తప్పు చేసిన పిల్లవాడు సంజాయిషీ చెప్పుకుంటున్నట్టుగా అన్నాడు ఆ మాట. నా ఉద్యోగంలో నేను విన్న మాటలన్నీ మర్చిపోయినా అది మర్చిపోను. లాంతరు ఆర్పేశాను. బియ్యానికి వచ్చిన లారీలోనే ఆయన్ను పడుకోబెట్టి కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాం. దారంతా ఆయన చేయి పట్టుకుని నాడి లెక్కబెడుతూ కూర్చున్నాను. అది ఒక్కోసారి దొరికేది కాదు.

డాక్టరుకు మందు పేరు చెప్పాను. ఆయన ముఖం మారింది. "దీనికి విరుగుడు లేదమ్మా. రెండు రోజులు గుండె నిలబడితే మనిషి నిలబడతాడు," అన్నాడు.

ఆసుపత్రి వరండాలో లక్ష్మక్క, నేను. "లాంతరు సరిగ్గా పట్టుకోల్యేమో ఆయప్ప," అని ఆమె మళ్లీ మళ్లీ అంటుంటే భరించలేక నిజం చెప్పాను. ఆ లాంతరు ఈ విషాన్ని పట్టదని, ఆ సంగతి నాకు తెలుసని, చెప్పలేదని, పట్టే యంత్రం తాళంచెవి నా సంచిలోనే ఉందని. ఆమె నా ముఖం చూసింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు ఎవరో తెచ్చిన రొట్టెలో సగం తుంచి నా చేతిలో పెట్టింది.

"తిను. నువ్వు పడిపోతే ఆ డాక్టరుకు మందు సంగతి ఎవురు సెప్తారు?"

తిన్నాను. ఏడుస్తూ తిన్నాను. మూడో రోజు పొద్దున సుంకన్న కళ్లు తెరిచి మమ్మల్నిద్దర్నీ చూసి, "లారీ లోడయిందా?" అని అడిగాడు. లక్ష్మక్క నోటికొచ్చినట్టు తిట్టింది. అంత తీయని తిట్లు నేను మళ్లీ వినలేదు.

నాలుగు వాక్యాలు

ప్రమాదం మీద నివేదిక రాయాలి. మేనేజరు ముందే ఒకటి రాసి పెట్టాడు: హెచ్చరిక బోర్డును లెక్కచేయకుండా మేస్త్రీ సొంతంగా లోపలికి వెళ్లాడని. "లేకుంటే అందరం మునుగుతామమ్మా," అన్నాడు. ఆసుపత్రికి ఆయన రోజూ వచ్చేవాడు, లోపలికి రావడానికి ముఖం చెల్లక గేటు దగ్గరే నిలబడి పోయేవాడు.

సుంకన్నకు చెబితే ఆయనా అదే మాట. "నా తప్పని రాసేయండమ్మా. నాకేముండాది పోనీకి? మీ ఉద్యోగాలు పోతాయి."

నేను నాలుగు వాక్యాలు రాశాను. విషం కొలిచే యంత్రం బీరువాలో ఉంది, తాళంచెవి నా దగ్గర ఉంది. బోర్డు పనివాళ్లకు రాని భాషలో ఉంది. లారీల కోసం గడువుకు ముందే పట్ట తీయమని ఆదేశం ఇచ్చారు. దీపం పరీక్ష నేర్పింది నేను, అది ఎక్కడ పనికిరాదో చెప్పనిదీ నేనే. మేనేజరు ఆ కాగితం ముందు గంటసేపు కూర్చుని, కింద సంతకం పెట్టాడు. ఆయన మీద నాకు కోపం ఉంది, ఇప్పటికీ ఉంది. ఆ సంతకం గుర్తొచ్చినప్పుడు మాత్రం తగ్గుతుంది. తర్వాత మా ఇద్దరికీ జరిగినవి కాగితాల సంగతులు, మీకు అక్కర్లేదు.

ఒత్తి లేని లాంతరు

సుంకన్న ఇక బరువు మోయకూడదన్నారు. గేటు పని ఇప్పించాం. నేను లాంతరును నిషేధించాను. హమాలీలు నా ముందు సరే అని, నేను అటు తిరగగానే వెలిగించేవాళ్లు. యంత్రాన్ని ఎవరూ నమ్మలేదు. "ఆ డబ్బా కూతలు మాకేం తెల్సు మేడమ్?" అనేవాళ్లు. మళ్లీ మళ్లీ చెప్పాను, అరిచాను, బెదిరించాను. ఏదీ పనిచేయలేదు.

దారి చూపింది సుంకన్నే. ఒకరోజు మేకు మీది లాంతరు దించి, ఒత్తి పీకేసి, కిరసనాయిలు పారబోసి, గాజు తీసి పక్కన పెట్టాడు. ఆ ఖాళీ చట్రంలో యంత్రాన్ని కూర్చోబెట్టి గట్టిగా కట్టాడు. హమాలీలందరినీ పిలిచాడు.

"సూడండప్పా. ఆ దీపానికి ముక్కు ల్యాకుండె. నన్ను సంపనీకి సూసింది అందుకే. ఇప్పుడు దీనికి ముక్కు పెట్టినా. ఇది కూస్తే ఎవురూ పోగూడదు. కూయకుంటే ముందు మేస్త్రీ పోవాల. అంతే."

వాళ్లు విన్నారు. వాళ్లకు అలవాటైన లాంతరు, అలవాటైన కర్ర, చచ్చి బతికొచ్చిన మనిషి నోటి మాట. బీరువా తాళంచెవి ఆయన మొలతాడుకు చేరింది. బోర్డు కూడా మార్చాం, ఆయన చెబుతుంటే నేను రాశాను: "ఈడ విషగాలి ఉండాది. లాంతరు పోకుండా మనిషి పోవద్దు." చదవడం వచ్చిన ముగ్గురు మిగతావాళ్లకు చదివి వినిపించారు. తర్వాత వచ్చిన మేనేజరు ఆ భాష చూసి ముఖం చిట్లించాడు గానీ తీయించలేదు.

మీకు నేను చెప్పగలిగింది ఇదే. వాళ్ల అలవాటును చూసి నవ్వకండి, దండం పెట్టి ఊరుకోకండి కూడా. అది ఎక్కడ కాపాడుతుందో, ఎక్కడ కాపాడదో వాళ్లతో కూర్చుని చెప్పండి. ఆ రెండో ముక్క చెప్పడానికే మీకు జీతం ఇస్తున్నారు.

చివరి రోజు

ఎక్కడెక్కడో తిరిగి, చివరి రెండేళ్లు మళ్లీ ఆ గోదాములోనే చేశాను. రిటైరయ్యే రోజు సుంకన్న, లక్ష్మక్క పల్లె నుంచి వచ్చారు. ఆయన పని మానేసి చాలా ఏళ్లయింది, కర్ర చేతికొచ్చింది, మాటలో మాత్రం ఏ మార్పూ లేదు. సభ అయ్యింది, దండలు వేశారు, పొగిడారు. నా స్థానంలోకి వచ్చిన కుర్ర అధికారి పక్కన నడుస్తూ, అందరితో నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ, నెట్లన్నీ ఆఖరిసారి చూడాలని గోదాము తలుపు వైపు నడిచాను. తలుపు బార్లా తెరిచి ఉంది. అందులో ఒక నెట్టుకు మందు పెట్టి ఉందని, ఆ పొద్దునే పట్ట తీశారని నాకు తెలుసు. బిళ్లలు పెట్టించింది నేనే. ఆ క్షణంలో ఒక్కటీ గుర్తులేదు.

గడప దగ్గర సుంకన్న కూర్చుని ఉన్నాడు. నేను దగ్గరికి రాగానే రెండు కాళ్లూ బార చాపి గడపకు అడ్డం పెట్టాడు.

"యాడికి పోతాండావు తల్లీ?"

"ఒక్కసారి లోపల చూసొస్తా సుంకన్నా."

"లాంతరు పోయిందా?"

కుర్ర అధికారి ఇబ్బందిగా నవ్వాడు. "పెద్దాయనా, మేడమ్‌కు తెలీదా? ఇవాళ ఆమెను ఆపితే ఎలా?"

సుంకన్న అతని వైపు చూడను కూడా చూడలేదు. నా వైపే చూస్తూ, మీసాల్లో నవ్వుతూ, "నన్ను దాటి పో, సూస్తా," అన్నాడు.

ఎప్పుడో ఒక గుంత పక్కన రొట్టె తింటూ నేను చెప్పిన మాట అది. మా జేజి పోయి ముప్పై ఏళ్లు దాటింది. ఆమె గొంతు మళ్లీ అక్కడ, ఆ గడప మీద విన్నాను.

హమాలీ ఒకడు లాంతరు కర్రకు తగిలించి లోపలికి పోనిచ్చాడు. పది అడుగులు పోయిందో లేదో, డబ్బా కూత పెట్టింది.

దండలు తీసి పక్కన పెట్టి నేను గట్టు మీద సుంకన్న పక్కన కూర్చున్నాను. లక్ష్మక్క రొట్టె మూట విప్పి మూడు భాగాలు చేసింది. ఎండ వాలేదాకా కూత ఆగలేదు, ముగ్గురం అక్కడే కూర్చున్నాం. నా ఉద్యోగంలో చివరి రోజు నేను గోదాములో అడుగు పెట్టలేదు.